మట్టి ట్రాక్ మీద మా చెల్లి

నేను కార్ రేసులు నడిపానంటే మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నమ్మరు. నమ్మినవాళ్ళు వెంటనే అడిగేది మా చెల్లి గురించే. "మీ చెల్లి కూడా నడిపేదటగా, చాలా బాగా నడిపేదటగా" అంటారు. అవునంటాను. ఆ అవుననడం నాకు ఇప్పటికీ అంత తేలిగ్గా రాదు.

టెక్సాస్‌లోని ప్లేనోలో మేం ఇల్లు కొన్నప్పుడు ఎదురింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైరయ్యాడు, భార్య పోయింది. ఆయన గరాజ్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. లోపల ఒక చిన్న కారు. దానికి తలుపుల్లేవు, అద్దాల్లేవు, చక్రాల మీద రేకులు కూడా లేవు. చుట్టూ ఇనుప గొట్టాల పంజరం, మధ్యలో ఒక్క మనిషి పట్టే సీటు, పక్కనే మోటార్‌సైకిల్ ఇంజన్. మైక్రో స్ప్రింట్ అంటారని చెప్పాడు. మట్టి ట్రాక్ మీద తప్ప ఇంకెక్కడా నడపరు. ట్రాక్ మీద మలుపులన్నీ ఎడమవైపే. మోకాళ్ళకి ఆపరేషన్ అయ్యాక తను ఆ పంజరంలోకి దిగలేకపోతున్నానని, అయినా అమ్మబుద్ధి కావడం లేదని అన్నాడు.

ఒక శనివారం నన్నూ మా ఆయన్నీ ట్రాక్‌కి తీసుకెళ్ళాడు. నీళ్ళ ట్యాంకర్ తడిపి వెళ్ళిన మట్టి వాసన, బోలెడు కార్లు ఒక్కసారిగా మలుపులోకి అడ్డంగా జారుకుంటూ రావడం, కంచె దాటి మా మొహాల మీద బెడ్డలు పడటం. మా ఆయన నాచోస్ ప్లేటుని చేత్తో కప్పుకుని కూర్చున్నాడు. నేను కంచె పట్టుకుని నిలబడ్డదాన్ని ఆఖరి రేసు దాకా కూర్చోలేదు. తిరిగొచ్చేటప్పుడు, "మీ కారు నేను నడపొచ్చా?" అని పెద్దాయన్ని అడిగాను. మా ఆయన నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు.

"రేపొచ్చి సీట్లో కూర్చుని చూడు, పెడల్స్‌కి కాళ్ళు అందుతాయేమో" అన్నాడు.

అందాయి. ఆ ఎండాకాలం అయ్యేలోపు కారు మాదైపోయింది, దాన్ని వేసుకెళ్ళే ట్రైలర్‌తో సహా.

నేను ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. రూల్స్ చదవడం నాకు విసుగనిపించదు. రేసు రూల్స్ అన్నీ చదివాను. కారూ డ్రైవరూ కలిపి ఉండాల్సిన బరువు ఒకటుంది, దానికి తగ్గకూడదు. రేసు అవగానే నేరుగా తూకానికే వెళ్ళాలి, దారిలో ట్రైలర్ దగ్గర ఆగితే ఆ రేసు లెక్కలోకి రాదు. సీటు బెల్టుల మీద అచ్చేసిన తేదీ దాటిపోతే లోపలికే రానివ్వరు. చేతులు పంజరం బయటికి పోకుండా పట్టీలు కట్టుకోవాలి. చెవిలో చిన్న రేడియో ఉంటుంది, రేసు నడిపించే ఆయన చెప్పింది వినడమే గానీ మనం తిరిగి మాట్లాడే వీల్లేదు. "పెండ్లయినప్పటి సంది నాది గదే పరిస్థితి" అనేవాడు మా ఆయన. ఆయనది వరంగల్, మాది గుంటూరు. చైను, టైర్లు, ట్రక్కు ఆయన చూసుకునేవాడు. నడపడం నా వంతు.

రెండు సీజన్లు నడిపాను. గొప్పగా ఏం కాదు. మధ్యలో మొదలుపెట్టి మధ్యలోనే ముగించేదాన్ని. ఒకసారి మూడోదాన్ని వచ్చాను, ఆ ఫోటో చాలా రోజులు ఫ్రిజ్ మీద ఉంది. మా చుట్టుపక్కల తెలుగు పిల్లలు నన్ను 'రేస్‌కార్ ఆంటీ' అనేవాళ్ళు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని భయమెయ్యదా అని అడిగేవాళ్ళు. చదువు నాన్న చెప్పిన చదువు, ఉద్యోగం అందరూ చేసే ఉద్యోగం. ఇదొక్కటే నేను వెతుక్కుని తెచ్చుకున్నది.

అప్పుడు మా చెల్లి వచ్చింది.

నాకంటే ఏడేళ్ళు చిన్నది. స్టూడెంట్ వీసా మీద ఎమ్మెస్ చేయడానికి డాలస్ అవతల ఒక యూనివర్సిటీలో చేరింది. శుక్రవారం సాయంత్రం మా ఆయన వెళ్ళి మా ఇంటికి తీసుకొచ్చేవాడు. బట్టలు ఉతుక్కుని, పప్పన్నం తిని, ఆదివారం వెళ్ళేది. అది వచ్చినందుకు నాకు నిజంగానే సంతోషంగా ఉండేది. కానీ మా ఇద్దరి మధ్య ఒక పాత సంగతుంది. చిన్నప్పుడు సైకిల్ నేర్చుకోవడానికి నాకు వేసవి సెలవులన్నీ పట్టాయి, రెండు మోకాళ్ళూ దోక్కుపోయాయి. అదే సైకిల్‌ని అది ఒక సాయంత్రం ఎక్కి, చీకటి పడేలోపు ఒక చెయ్యి వదిలేసి తొక్కింది. క్యారమ్స్‌లో నేను గురి చూసి చూసి కొట్టినా పడని రెడ్డుని అది కబుర్లు చెబుతూ వేసేది. "దాని చేతిలో ఏదో ఉందే" అనేది అమ్మ. నా చేతిలో ఏముందో ఎప్పుడూ చెప్పలేదు.

వసంతంలో ట్రాక్ వాళ్ళు ప్రాక్టీస్ పెట్టిన రోజున అది కూడా మాతో వచ్చింది. నేను నాలుగైదు సార్లు తిప్పి వచ్చి హెల్మెట్ తీశాను.

"అక్కా, నేనొక్కసారి కూర్చోనా?" అంది.

నేనే దాని బెల్టులు బిగించాను. నేనే నా హెల్మెట్ పెట్టాను. నెమ్మదిగా వెళ్ళు, గేర్ మార్చకు, మలుపులో కారు వెనక భాగం బయటికి జారితే కంగారు పడకు అని చెప్పాను. మొదటి చుట్టు నెమ్మదిగానే వెళ్ళింది. రెండో చుట్టూ అంతే. మూడోసారి మలుపులో కారు వెనక భాగం జారింది. అది స్టీరింగ్‌ని కుడికి తిప్పింది, పెడల్ మీంచి కాలు తియ్యలేదు. ఆ కాలు తియ్యకుండా ఉండటానికి నాకు ఒక సీజన్ పట్టింది. జారుతున్నప్పుడు ఒళ్ళంతా కాలు తియ్యమని అరుస్తుంది. దాని ఒళ్ళు అరవలేదు. కారు అడ్డంగా, నున్నగా, ఎవరో చేత్తో తిప్పినట్టు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. నేను ప్రాక్టీస్ చేసినప్పుడల్లా స్టాప్‌వాచ్ నొక్కే మా పెద్దాయన, ఆ రోజు వాచ్ చేతిలోనే ఉన్నా నొక్కడం మర్చిపోయాడు.

దిగాక అడిగాను, "ఎవరు నేర్పారే నీకు?"

"ఎవరూ నేర్పలేదక్కా. అది ఎటు పోతానంటే అటు పోనిచ్చాను."

ఆ మాట నాకు వారమంతా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ఎండాకాలం ఒక శనివారం నేను, ఒక శనివారం అది అనుకున్నాం. మా ఆయనే అన్నాడు, నేను వద్దనలేకపోయాను. అది బక్కపలచన, కాబట్టి అది నడిపే వారం కారుకి సీసం దిమ్మలు బోల్టులతో బిగించాల్సొచ్చేది, లేకపోతే తూకంలో తగ్గుతుంది. ఆ దిమ్మలు మోసేటప్పుడు నాకు లోపల హాయిగా ఉండేది, ఇంత బరువుతో ఏం పరిగెడుతుందిలే అని. పరిగెత్తింది. మూడో రేసుకే గెలిచింది. జెండా పట్టుకుని ఫోటో దిగింది. ఫ్రిజ్ మీద ఆ ఫోటో మా ఆయన పెట్టాడు, నా ఫోటో పక్కన. కొన్నాళ్ళకి నా ఫోటో నేనే తీసేశాను, ఎవరూ గమనించలేదు. క్యాంపస్‌లో పని చేసుకున్న డబ్బుతో అది ఒక పసుపు హెల్మెట్ కొనుక్కుంది. మా వీధి పిల్లలు దాన్ని 'రేస్‌కార్ అక్క' అనడం మొదలుపెట్టారు. ఆంటీ అనిపించుకోవడానికి నాకు అప్పటిదాకా ఏ అభ్యంతరమూ లేదు.

కారు గురించి అనలేక వేరేవాటి గురించి అనేదాన్ని. మంచం మీద తడి టవల్ ఎందుకు పడేస్తావు, తిన్న కంచం సింకులో ఎందుకు వదిలేస్తావు అని. అది సారీ అక్కా అని తీసేసేది. మా ఆయన నా మొహం వంక చూసి, "టవల్ సంగతేనా ఇది?" అని ఒకసారి అడిగాడు. టవల్ సంగతే అన్నాను.

డిసెంబర్‌లో ఓక్లహామాలో ఒక పెద్ద రేసు జరుగుతుంది. చలికాలం కదా, కొండంత షెడ్డు కింద మట్టి పోసి ట్రాక్ చేస్తారు. దేశం నలుమూలల నుంచీ వస్తారు. ఎప్పుడో ఒకసారి వెళ్ళాలని మొదటి సీజన్ నుంచీ నాకు కోరిక. ఎంట్రీ ముందే పంపాలి. అక్కడి రూలు ప్రకారం ఒక తరగతిలో ఒక కారుకి ఒకే డ్రైవర్ పేరు. వారాలు పంచుకోవడం కుదరదు.

కిచెన్ టేబుల్ దగ్గర ముగ్గురం కూర్చున్నాం. మా ఆయన అన్నాడు, "నడిపేది ఒక్కరే. ఎవరో మీరే తేల్చుకోండ్రి. నన్ను మధ్యల పెట్టకండ్రి."

"కారు నాది" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది ఆ మాట.

చెల్లి పెరుగన్నం కలుపుతూ తలెత్తింది. "నీదే కదక్కా. కాదని ఎవరన్నారు? నేను టైర్లు చూసుకుంటా."

ఒక్క మాట ఎదురు చెప్పినా, మొహం ముడుచుకున్నా నా మనసు కుదుటపడేది. అది అలా అన్నం తింటూ ఒప్పేసుకోవడం నాకు ఇంకా మంట పెట్టింది.

ప్రయాణం ప్లాన్ అంతా నేనే వేశాను. క్రిస్మస్ వెళ్ళగానే తెల్లారి బయల్దేరి ఉత్తరానికి హైవే పట్టుకోవడం, సరిహద్దులో రెడ్ రివర్ నది దాటాక పెట్రోలుకి ఆగడం, ట్రైలర్‌కి ఒక స్పేర్ చక్రం, కారుకి రెండు స్పేర్ చైన్లు. మోటెల్ వాళ్ళకి ఫోన్ చేస్తే గది సంగతి తర్వాత, ముందు ట్రైలర్ తిప్పుకునేంత పార్కింగ్ ఉందా అని అడిగేదాన్ని. రైస్ కుక్కర్, పులిహోర, ఆవకాయ సర్దాను. పెద్దాయన ముందు సీట్లో మా ఆయన పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో నేనూ చెల్లీ. దారంతా అది కిటికీలోంచి మంచు పట్టిన పొలాలు చూస్తూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది.

షెడ్డు లోపల ఎటు చూసినా కార్లే. ఇంజన్ల పొగ, మట్టి వాసన, ఉల్లిపాయలు వేగుతున్న వాసన కలిసిపోయి కళ్ళు మండేవి. నా మొదటి రేసు బాగా జరగలేదు. ముందున్న కారు అడ్డం తిరిగితే తప్పించబోయి వెనకబడిపోయాను. దాంతో నన్ను సి మెయిన్‌లో వేశారు. ఎ మెయిన్ అంటే ఫైనల్. బి లో ముందొచ్చినవాళ్ళు ఎ కి వెళ్తారు, సి లో ముందొచ్చిన నలుగురు బి కి వెళ్తారు. నిచ్చెన మెట్ల లాగ.

మా పక్కనే ఒక ఓక్లహామా ఆయన కారు ఉంది. ఆ కారు నడిపేది ఆయన అల్లుడు, బస్తాలాంటి మనిషి. పొద్దున రేసులో అతని మణికట్టు బెణికి వాచిపోయింది. మామగారు తల పట్టుకుని కూర్చున్నాడు. మా పెద్దాయన ఆ మామగారి దగ్గరికెళ్ళి ఏదో మాట్లాడి, మా వైపు తిరిగి చెల్లిని వేలితో చూపించాడు. "ఆ పిల్ల నడుపుతుంది" అన్నాడు. నాకు కారుంది, నన్నెందుకు చూపిస్తాడు? అయినా ఆ వేలు నన్ను దాటి వెళ్ళడం నాకు నచ్చలేదు.

చెల్లి నా దగ్గరికొచ్చింది. "అక్కా, వెళ్ళనా?"

"నన్నెందుకడుగుతావు?"

"నువ్వొద్దంటే వెళ్ళను."

ఆ కారు కూడా సి మెయిన్‌లోనే ఉంది. అంటే నాతోనే.

"వెళ్ళు" అన్నాను. తర్వాత రూల్స్ చెప్పాను, అది నా చేతిలో పని కాబట్టి. "పేరిచ్చిన డ్రైవర్‌కి దెబ్బ తగిలితే మార్చుకోవచ్చు, కానీ ముందు ఆఫీసులో చెప్పాలి. మారితే అందరికంటే వెనక నుంచి మొదలుపెట్టాలి. ఇంకోటి, ఆ అల్లుడు నీకు రెండింతలున్నాడు. సీసం ఎంత వేశారో, నిన్ను కూర్చోబెట్టి తూకం వేయించమను."

"వేస్తున్నారక్కా. ఆయన చూసుకుంటానన్నాడు."

ఎవరిదో సూట్ అరువు తీసుకుంది. పెద్ద సీట్లో కదలకుండా వీపు వెనక మోటెల్ టవళ్ళు కుక్కారు. పసుపు హెల్మెట్ పెట్టుకుని నా వైపు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

నేను మధ్య వరుసల్లో, అది కడపట. పచ్చజెండా ఊపగానే ముందు ఇద్దరు గుద్దుకుని ఆగిపోయారు, నాకు దారి దొరికింది. ఆ రోజు నేను నా బతుకులోనే బాగా నడిపాను. ట్రాక్ లోపలి అంచు పట్టుకుని ఒక్కొక్కరినీ దాటాను. కొన్ని చుట్లే మిగిలాయనగా లెక్క చూసుకుంటే నేను నాలుగోదాన్ని. ఇలాగే ఉంటే చాలు, బి కి వెళ్తాను.

మలుపు మధ్యలో నా కుడిపక్క, గోడకీ నాకూ నడుమ, ఒక కారు ముక్కు కనిపించింది. దాని వెనక పసుపు.

మలుపు దాటేటప్పుడు కారు మామూలుగానే పైకి, గోడ వైపుకి జరుగుతుంది. నేను ఇంకో రెండడుగులు జరిగితే దానికి దారి ఉండదు. ఎవరూ తప్పు పట్టరు కూడా, అది పోటీయే. నేను జరగలేదు. చెల్లెలు కదా అని కాదు. అంత ఆలోచించే వ్యవధే లేదు. నాకు తెలిసిన దారిలో, కాలు ఎంత నొక్కగలనో అంత నొక్కి వెళ్ళాను. అది పైనుంచి, గోడ పక్కన పేరుకున్న గట్టి మట్టి మీద చక్రాలు ఆనించి, నన్ను దాటేసింది. దాని టైర్ల మట్టి నా హెల్మెట్ అద్దం మీద పడింది. అది నాలుగు, నేను అయిదు. అలాగే అయిపోయింది.

తూకానికి దాని వెనకే వెళ్ళాను. దాని కారు ఎక్కించారు. తూకం చూసే ఆయన అంకె చూసి, కిందికి దింపి మళ్ళీ ఎక్కించమన్నాడు. మళ్ళీ చూశాడు. తల అడ్డంగా ఊపాడు. చిన్న బియ్యం సంచీ అంత తక్కువుంది. సీసం వేశారు గానీ చాలినంత వెయ్యలేదు, తూకం వేసి చూడనూ లేదు. రూలు రూలే. దాన్ని రేసులోంచి తీసేశారు. తర్వాత నా కారు ఎక్కింది, సరిపోయింది. "నువ్విప్పుడు నాలుగు. బి కి వెళ్ళు" అన్నాడు నాతో.

నాకు మొదట కలిగింది సంతోషమే. చెంగున లేచింది లోపల. ఆ తర్వాత చెల్లి హెల్మెట్ తీయడం చూశాను. ఏడుస్తోంది. ఓక్లహామా ఆయన పక్కన నిలబడి, తప్పంతా నాదేనమ్మా అని పదే పదే చెబుతున్నాడు. అది ఆయనకి పర్లేదని చెప్పి నా దగ్గరికొచ్చింది.

"నువ్వు చెప్పావు కదక్కా" అంది. ముక్కు తుడుచుకుని నా కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని టైరు తడిమింది. "బి కి ఎక్కువ టైం లేదు. ఇది మార్చాలి. బావా, జాక్ తే."

మా ఆయన జాక్ తెచ్చేలోపు అడిగాను, "నా మీద కోపం వచ్చిందా?"

"నీ మీదెందుకు?" టైరుకంటిన మట్టి గోకుతూ అంది, "నిన్ను దాటేటప్పుడు నువ్వు పైకి వచ్చేస్తావనుకున్నా. భయమేసింది."

"వస్తాననుకున్నావా?"

"అనుకున్నా. నేనైతే వచ్చేదాన్ని."

మామూలుగా, టైరు వంక చూస్తూనే అంది. ఆ ఒక్క మాటతో దాని మీద ఎన్నో నెలలుగా లేని ఇష్టం కలిగింది. అంత మంచిదేం కాదు అది. గెలవాలని దానికీ ఉంది. పెరుగన్నం తింటూ ఒప్పేసుకున్న రోజున కూడా ఉండే ఉంటుంది.

నా బెల్టులు అదే బిగించింది. "మూడో మలుపులో గోడ పక్కన మట్టి గట్టిగా ఉందక్కా. అక్కడికి వెళ్ళు. కాలు తియ్యకు" అంది. బి మెయిన్‌లో ఒక్కసారి వెళ్ళాను అక్కడికి. గోడ నా మోచేతి పక్కనే ఉన్నట్టనిపించింది. ఇద్దర్ని దాటాను. రెండోసారి వెళ్ళినప్పుడు కాలు తీసేశాను. తొమ్మిదోదాన్ని వచ్చాను. ఫైనల్‌కి వెళ్ళలేదు. దిగాక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ రెండు కార్లని దాటావు చూడు" అన్నాడు. ఆ మాట కోసం నేను ఎంత మొహం వాచి ఉన్నానో అప్పుడు తెలిసింది.

చెల్లికి చదువవగానే ఇండియానాలో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఇలాంటి ట్రాకులు ఊరికొకటి. ఎవరిదో కారు శనివారాలు నడిపేది. ఆదివారం పొద్దున నేను కాఫీ తాగుతూ కంప్యూటర్‌లో దాని ఫలితం చూసేదాన్ని. గెలిచిందని చూడగానే ముందు ఒక చురుకు తగిలేది. ఆ తర్వాత ఫోన్ చేసి, నిజంగానే సంతోషంగా మాట్లాడేదాన్ని. రెండోది ఉంది కదా అని మొదటిది పోలేదు.

ఒక జులైలో దాని రేసు చూడ్డానికి ఇండియానా వెళ్ళాం. మా ఆయనా నేనూ కంచె దగ్గర నిలబడ్డాం. సగం రేసు అదే ముందుంది. చివర్లో ఒకడు దాటేశాడు, రెండోది వచ్చింది. నేను గొంతు పోయేలా అరిచాను, అది గెలవాలనే అరిచాను. గెలవనప్పుడు బాధేసింది. ఆ బాధ అడుగున చిన్న చల్లదనం కూడా ఉంది, లేదంటే అబద్ధం.

మట్టి మొహంతో కంచె దగ్గరికొచ్చింది. "చూశావా అక్కా? ఎక్కడ పోగొట్టుకున్నాను?"

"నాలుగో మలుపులో. కాలు తీశావు."

"నీకు కనిపించిందా?"

"కనిపించింది" అన్నాను. అది కంచెకి ఆనుకుని, మిగతా మలుపుల సంగతి కూడా చెప్పమంది. చెప్పాను.